బ్రైట్‌హార్న్ ఈసారికి వద్దు, ఓబర్‌రోట్‌హార్న్ ఎక్కండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం ఆరేళ్ళుగా స్టట్‌గార్ట్‌లో ఉంటున్నాం. ఆగస్టులో మా నాన్న ఇండియా నుంచి వస్తున్నారు. ముగ్గురం స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ వెళ్ళి ఒక శిఖరం ఎక్కాలని మా ఆయన పట్టు. ఆఫీసులో ఎవరో ఆయనకి బ్రైట్‌హార్న్ గురించి చెప్పారట. 4,164 మీటర్ల కొండైనా కేబుల్ కార్ చాలా పైదాకా తీసుకెళ్తుంది, ఆపైన మూడు వందల మీటర్లు ఎక్కితే చాలు, రెండు గంటల పని అని. శనివారం తెల్లవారకముందే కారులో బయల్దేరి, ఎక్కి దిగి, రాత్రికి ఇంటికి వచ్చేద్దాం అంటున్నారు. నాన్నకి 63. బీపీ మాత్ర వేసుకుంటారు. పోయినేడు అలిపిరి మెట్లన్నీ ఎక్కారు కాబట్టి నేనూ పైకి వస్తానంటున్నారు. నాకు వారానికి రెండు రోజులు పార్కులో నడక తప్ప అలవాటు లేదు. కొండంటే మరీ భయం లేదు గానీ, నేను వెనకబడి వాళ్ళిద్దరి సరదా పాడుచేస్తానేమోనని ఒకటే బెంగ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ బెంగ నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట ఈ దేశానికి వచ్చిన కొత్తలో అదే బెంగతో ఒక కొండ ఎక్కాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు బ్రైట్‌హార్న్ తేల్చేద్దాం.

మీ వారికి చెప్పినవాళ్ళు అంకెల్లో తప్పు చెప్పలేదు. జెర్మాట్ నుంచి కేబుల్ కార్లు మారుతూ పోతే గంటలోపే 3,800 మీటర్ల పైన దిగుతాం. అక్కణ్ణుంచి శిఖరం దగ్గరే. ఆల్ప్స్‌లో నాలుగు వేల మీటర్లు దాటిన కొండల్లో ఇది చాలా సులువైనదని పర్వతారోహకులు అనుకోవడం కూడా నిజమే. కానీ వాళ్ళు దాన్ని పోల్చేది పక్కనున్న నిట్టనిలువు మాటర్‌హార్న్‌తో, మనం నడిచే కొండలతో పోల్చరు. ఆ దారంతా గ్లేసియర్ మీద. చూడ్డానికి తెల్లటి బీడు భూమిలా చదునుగా ఉంటుంది. దాని కింద మంచులో పగుళ్ళుంటాయి. కొన్ని మనిషిని మింగేంత లోతు. వాటి మీద పలచటి మంచు పొర వంతెనలా పరుచుకుని ఉంటుంది. పొద్దున గట్టిగా ఉన్న పొర మధ్యాహ్నం ఎండకి మెత్తబడుతుంది. అందుకే అక్కడ నడిచేవాళ్ళు ఒకరికొకరు తాడు కట్టుకుంటారు, బూట్లకి ఇనుప ముళ్ళు బిగించుకుంటారు. ఒకరు పడితే మిగతావాళ్ళు ఎలా ఆపాలో, ఎలా పైకి లాగాలో సాధన చేసి ఉంటారు. ఇప్పుడు ఎండలు కూడా మునుపటిలా లేవు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విట్జర్లాండ్ గ్లేసియర్లు తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. నిరుడు ఎవరో నడిచిన దారి ఈ ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు.

కాబట్టి గైడు లేకుండా బ్రైట్‌హార్న్ వెళ్ళొద్దు. పది మంది ముందు నడుస్తూ కనిపించినా వాళ్ళ అడుగుల వెంట పోవద్దు. మీ వారికి నిజంగా ఆశ ఉంటే వచ్చే ఏడు ఒక గైడుని కుదుర్చుకుని, ముందు తాడు కట్టుకోవడం నేర్చుకుని వెళ్ళమనండి. ఆ కోరికలో తప్పేమీ లేదు. శనివారం ఉదయం స్టట్‌గార్ట్‌లో రెండు వందల చిల్లర మీటర్ల ఎత్తున నిద్ర లేచి, ఐదారు గంటలు కారు నడిపి, మధ్యాహ్నానికి నాలుగు వేల మీటర్ల మీద నిలబడాలనుకోవడమే తప్పు. ఒంటికి అంత ఎత్తు అలవాటు పడే వ్యవధి ఉండదు. పైగా ఆ మంచు అప్పటికే మెత్తబడి ఉంటుంది. సాయంత్రం అలసిన కళ్ళతో మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవాలి.

మీకు నేను చెప్పే శిఖరం జెర్మాట్ పక్కనే ఉన్న ఓబర్‌రోట్‌హార్న్. రోట్ అంటే ఎరుపు, హార్న్ అంటే కొమ్ము. పేరుకి తగ్గట్టే రాయి ఎర్రెర్రగా ఉంటుంది. ఎత్తు 3,414 మీటర్లు. గ్లేసియర్ ఎక్కడా దాటక్కర్లేదు, తాడు అక్కర్లేదు, గుర్తులు వేసిన కాలిబాట శిఖరం దాకా పోతుంది. ఆల్ప్స్‌లో ఇంత ఎత్తుకి మామూలు నడకతో చేరుకునే కొండలు చాలా తక్కువ. పైన నిలబడితే పడమట మాటర్‌హార్న్, దక్షిణాన ఫిండెల్ గ్లేసియర్ అవతల 4,634 మీటర్ల మోంటె రోజా, ఉత్తరాన టేష్‌హార్న్, డోమ్ కనిపిస్తాయి. నేను మూడుసార్లు బయల్దేరి రెండుసార్లు పైకి చేరాను.

ఎత్తు సంగతి కాస్త ఊహకి అందేలా చెప్తాను. మన అల్లూరి జిల్లాలో అర్మ కొండ 1,680 మీటర్లు, తూర్పు కనుమల్లో పెద్ద కొండల్లో ఒకటి. జెర్మాట్ ఊరే 1,600 మీటర్ల పైన ఉంది. అంటే మీరు ఆ ఊళ్ళో రైలు దిగి టీ తాగే చోటు దాదాపు మన అర్మ కొండ నెత్తి. శిఖరం దానికి రెట్టింపు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది, అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అంతే. నాన్నగారు అలిపిరి మెట్లు ఎక్కారంటే గుండె, కాళ్ళు గట్టిగా ఉన్నాయన్నమాట, సంతోషం. 3,550 మెట్లంటే మాటలు కాదు. కానీ తిరుమల కొండ వెయ్యి మీటర్లు దాటదు, అక్కడ గాలికి లోటు లేదు. దారి పొడుగునా కప్పు, నీళ్ళు, కూర్చోడానికి అరుగులు. ఇంకో తేడా ఉంది, అందరూ మర్చిపోయేది. తిరుమలలో ఎక్కడమే మన పని, మోకాళ్ళ మెట్టు దాటితే గండం గడిచినట్టే. దర్శనమయ్యాక చాలామందిమి బస్సులో దిగిపోతాం. ఇక్కడ ఎక్కిన ప్రతి మీటరూ అవే మోకాళ్ళ మీద దిగాలి.

దిగుడు సంగతి జెర్మాట్ ఊరికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం మొదటిసారి మాటర్‌హార్న్ ఎక్కింది. ఏడుగురు పైకి చేరారు. దిగేటప్పుడు ఒకరి కాలు జారి, తాడు తెగి, నలుగురు పోయారు. తెగిన ఆ తాడు ముక్క ఊళ్ళో మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. ఇంట్లో బట్టలారేసుకునే తాడంత సన్నంగా కనిపిస్తుంది. కొండ ఎక్కే ముందు రోజు మీ వారిని అక్కడికి తీసుకెళ్ళండి. నేను ఇంత రాసినా కలగని జాగ్రత్త ఆ తాడు చూస్తే కలుగుతుంది.

ఇక ఏర్పాట్లు. రెండు రోజులు సెలవు పెట్టండి. గురువారం సాయంత్రానికి జెర్మాట్ చేరండి. ఊళ్ళోకి పెట్రోలు, డీజిలు కార్లు రానివ్వరు. కారు ముందు ఊరు టేష్‌లో పెట్టి షటిల్ రైలెక్కితే 12 నిమిషాలు. శుక్రవారం ముగ్గురూ గోర్నర్‌గ్రాట్ పళ్ళచక్రాల రైలెక్కండి. 1898 నుంచి కరెంటుతో నడుస్తున్న రైలు అది, అరగంటలో 3,089 మీటర్లకి తీసుకెళ్తుంది. పైన ఓ గంట తిరిగి, దిగేటప్పుడు మధ్యలో రోటెన్‌బోడెన్‌లో ఆగి రిఫెల్ చెరువు దాకా నడిచి రండి. గాలి లేని పొద్దుట మాటర్‌హార్న్ ఆ చెరువులో తలకిందులుగా నిలబడుతుంది. ఈ రోజు సరదాకీ పనికొస్తుంది, ఒంటిని ఎత్తుకి అలవాటు చెయ్యడానికీ పనికొస్తుంది. పగలు పైకి వెళ్ళి రాత్రి కిందికి వచ్చి పడుకుంటే మర్నాడు ఊపిరి తేలిగ్గా అందుతుంది. శనివారం శిఖరం. ఆ రోజు వాన పడితే ఆదివారం చేతిలో ఉంటుంది. ఎక్కిన రోజు రాత్రే కారు నడపాలన్న తొందర పెట్టుకోవద్దు.

శనివారం పొద్దున్నే సునెగ్గాకి మొదటి బండి పట్టుకోండి. కొండ లోపల సొరంగంలో పోతుంది. 2,288 మీటర్ల దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి గొండోలాలో బ్లౌహెర్డ్, 2,571 మీటర్లు. ఇంకో కేబుల్ కార్ ఎక్కితే 3,103 మీటర్ల ఉంటర్‌రోట్‌హార్న్ మీదికే తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి ఫుర్గ్‌జీ అనే కనుమకి 120 మీటర్లు దిగి, 430 మీటర్లు ఎక్కితే శిఖరం. చాలామంది ఈ దారే పడతారు. లెక్కకి తక్కువ శ్రమే. నేను మాత్రం మిమ్మల్ని బ్లౌహెర్డ్ నుంచే నడవమంటాను. ఎందుకంటే మొదటి గంట వెడల్పాటి దారి మీద మెల్లగా ఎక్కుతుంటే, ఒంట్లో ఏముందో ఆ గంటలోనే బయటపడుతుంది. అప్పటికింకా కింద స్టేషన్ దగ్గరే. నేరుగా 3,103 దగ్గర దిగినవాళ్ళకి తలనొప్పి మొదలయ్యేసరికి కనుమ అవతల రాళ్ళ మధ్య ఉంటారు. పైగా తిరుగు ప్రయాణంలో, కాళ్ళు పీక్కుపోతున్నప్పుడు, ఆ 120 మీటర్లు మళ్ళీ ఎక్కితే గానీ స్టేషన్ రాదు.

బ్లౌహెర్డ్ నుంచి శిఖరం దాకా 840 మీటర్ల ఎక్కుడు. ఆల్ప్స్ వాళ్ళ పాత లెక్క ఒకటుంది, గంటకి 300 మీటర్లు ఎక్కుతాం, 500 మీటర్లు దిగుతాం అని. అడ్డదూరం కూడా కలుపుకుంటే పైకి మూడు గంటలు దాటుతుంది, కిందికి రెండు గంటలు దాటుతుంది. దారిలో పసుపు బోర్డుల మీద రాసే గంటలు ఆగకుండా నడిస్తే పట్టే గంటలు. నీళ్ళు తాగడం, ఫోటోలు, బూటు విప్పి రాయి దులుపుకోవడం అందులో లేవు. మీకు మొత్తం ఏడు గంటలు అనుకోండి. ఉత్త పసుపు గుర్తుంటే ఎవరైనా నడిచే దారి. తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీ ఉంటే కొండదారి, గట్టి బూట్లు, తల తిరగని గుణం కావాలి. మీరు వెళ్ళేది అలాంటిది. తెలుపు-నీలం-తెలుపు పట్టీ కనిపిస్తే అది మీ దారి కాదు, వెనక్కి రండి.

ఇప్పుడు నా కథ చెప్తాను. అప్పట్లో మావారి స్నేహితులు నలుగురు, మేమిద్దరం, బెర్న్ దక్షిణాన ఒక కొండ. అందరికంటే వెనక నేను. వాళ్ళు చకచకా ముందుకి పోయి ఓ బండ మీద కూర్చుని నాకోసం చూసేవాళ్ళు. నీళ్ళు తాగేవాళ్ళు, బిస్కెట్లు తినేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. నేను రొప్పుకుంటూ వెళ్ళి వాళ్ళని చేరగానే "వచ్చేసిందిగా, పదండి" అని లేచేవాళ్ళు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ రోజంతా వాళ్ళకి ఎనిమిదిసార్లు విశ్రాంతి దొరికింది, నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. ఆగమని అడగడానికి మొహమాటం. ఆగితే ఇంకా ఆలస్యమవుతుందని నీళ్ళు తాగలేదు. శిఖరం ముందే తలనొప్పి మొదలైంది, చెప్పలేదు. పైన అందరితో పాటు ఫోటోలో నవ్వాను. దిగేటప్పుడు వాంతి వచ్చింది, కళ్ళు తిరిగాయి, మెత్తటి రాళ్ళపొడి మీద కాలు జారి ఎడమ చేతి మీద పడ్డాను. మణికట్టు విరిగింది. చలికాలం రాగానే ఆ చెయ్యి ఇప్పటికీ సలుపుతుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు, లేదా ముందు నుంచి రెండోవారు. గట్టివాళ్ళు వెనక. అందరూ ఒకే చోట ఆగుతారు, ఆఖరి మనిషి కూర్చుని నీళ్ళు తాగి, ఇక లేద్దాం అన్నప్పుడే లేస్తారు. మీ ముగ్గురిలో మీరే నెమ్మదైతే ఆ రోజు వేగం మీదే. అది ఇంకొకరు మీకు చేసే మేలేమీ కాదమ్మా, కొండమీద గుంపు నడవాల్సిన తీరే అది. గైడులు తాడు కట్టి నడిపించేటప్పుడు కూడా అందరిలోకి నెమ్మదైన అడుగునే చూసుకుంటారు. ఈ మాట మీ వారికి ఇంట్లో ఉండగానే చెప్పండి. దారిలో చెప్పాలంటే నోరు పెగలదు.

వేగం ఎంతుండాలంటే, నడుస్తూ ఒక ఆటవెలది పద్యం నాలుగు పాదాలూ ఊపిరి తెగకుండా చెప్పగలగాలి. మధ్యలో గుక్క తిప్పుకోవాల్సి వస్తే అడుగు చిన్నది చెయ్యండి. మొదటి అరగంట మరీ నెమ్మదిగా ఉందనిపించాలి. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న పద్యాలన్నీ నాకు ఈ కొండల మీదే మళ్ళీ గుర్తొచ్చాయి.

ఇంకో ఒప్పందం కూడా ముందు రాత్రే చేసుకోవాలి. వెనక్కి తిరిగే టైము. ఎనిమిదిన్నరకి బ్లౌహెర్డ్‌లో నడక మొదలుపెడితే, పన్నెండున్నరకి ఎక్కడున్నా తిరగాలి. శిఖరం ఇరవై నిమిషాల దూరంలో ఉన్నా సరే. పైకి చేరాక ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరివల్లా కాదు. కళ్ళముందు శిఖరం ఉంటే లెక్కలు మారిపోతాయి, "ఇంకొంచెమే కదా" అంటాం. అందుకే మంచం మీద కూర్చుని, కడుపు నిండుగా ఉన్నప్పుడే ముగ్గురూ పైకి చెప్పుకుని ఒక కాగితం మీద రాయండి. నేను చేరుకోలేని ఆ మూడోసారి కనుమ దాటి సగం దూరం ఎక్కాం. తోడున్న అమ్మాయి మడమకి పొక్కు లేచి అడుగు పడటం లేదు. పన్నెండున్నర అయింది. తిరిగాం. ఇంటికి వచ్చాక బాధపడ్డానా అంటే, ఓ వారం పడ్డాను.

ఆ టైముకి ఇంకో కారణం ఆకాశం. ఎండాకాలంలో ఆల్ప్స్‌లో పొద్దున నీలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నం మూడింటికి ఉరిమి మెరుస్తుంది. ముందు రోజు రాత్రీ, బయల్దేరే పొద్దున్నా మెటియోస్విస్ యాప్ చూడండి. ఉరుముల వాన అని ఉంటే శిఖరం మానేసి కింద చెరువుల చుట్టూ తిరగండి. దారిలో పది గంటలకే మబ్బులు కాలీఫ్లవర్ పువ్వుల్లా పైపైకి పొంగుతుంటే, యాప్ ఏం చెప్పినా మీ కళ్ళనే నమ్మండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. కానీ ఉరుము వినిపించిందంటేనే గట్టు మీద నుంచి దిగాల్సిన వేళ దాటిందని.

తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, అడుగు తడబడటం. ఇవి 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు, పాతికేళ్ళ ఆటగాడికైనా సరే. ఎవరికి వచ్చినా వెంటనే చెప్పాలి. నాలా దాచుకోవద్దు. కూర్చుని నీళ్ళు తాగి పావుగంట చూడండి. తగ్గకపోతే దిగడమే మందు. మాత్ర వేసుకుని ఎక్కడం కాదు. ఒంటరిగా ఎవరినీ దింపొద్దు, ఇద్దరూ కలిసే దిగండి.

నాన్నగారి గురించి. శిఖరానికి వద్దనే చెప్తాను, కానీ ఆయన్ని హోటల్లో కూర్చోబెట్టకండి. ఎత్తుకి వెళ్ళిన మొదటి రోజుల్లో బీపీ కొంత పెరుగుతుంది, చలికి కూడా పెరుగుతుంది. వచ్చేముందే ఇండియాలో ఆయన డాక్టరుగారికి "3,000 మీటర్ల దాకా రైల్లో వెళ్తాను, 2,500 మీటర్ల దగ్గర నడుస్తాను" అని ఎత్తులతో సహా చెప్పి అడగమనండి. ఆయన వేసుకునే మాత్రల్లో ఒంట్లో నీరు తగ్గించేది ఉంటే అది ముఖ్యంగా అడగాలి. డాక్టరు గోర్నర్‌గ్రాట్ వద్దంటే రిఫెల్‌బెర్గ్‌లో, 2,582 మీటర్ల దగ్గర దిగిపోండి, అక్కణ్ణుంచీ కొండలు కనిపిస్తాయి. శనివారం ఆయన మీతోనే బ్లౌహెర్డ్ దాకా రావచ్చు. అక్కణ్ణుంచి ష్టెల్లి చెరువుకి ఇరవై నిమిషాల తేలిక నడక. మాటర్‌హార్న్ నీడ పడే చెరువుల్లో అందరూ ఫోటోలు తీసుకునేది అదే. తోచినంతసేపు కూర్చుని, మెల్లగా స్టేషన్‌కి వెనక్కి వస్తే అక్కడ రెస్టారెంటుంది.

ఆయనకి ఒక పని కూడా అప్పగించండి. మాటవరసకి చెప్పడం లేదు, కొండ నడకలో ఆ పని ఎవరో ఒకరు చేసి తీరాలి. మీ దారి, వెనక్కి తిరిగే టైము, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద జర్మన్‌లో రాసి ఆయన జేబులో పెట్టండి. పన్నెండున్నరకి మీరు ఆయనకి ఫోన్ చెయ్యాలి. నాలుగు దాటినా మీ జాడ లేకపోతే ఆయన ఆ కాగితం స్టేషన్‌లో చూపించాలి. జెర్మాట్ ఉన్న వాలిస్ ప్రాంతంలో ఆపదకి పిలిచే నంబరు 144, యూరప్ అంతటా 112 కూడా పనిచేస్తుంది. ఫోన్ అందకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈలగానీ టార్చిగానీ, ఓ నిమిషం ఆపి మళ్ళీ ఆరుసార్లు. ఎవరైనా విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. హెలికాప్టర్ పైకి వస్తే సాయం కావాలంటే రెండు చేతులూ చాచి పైకెత్తి నిలబడాలి. హెలికాప్టర్ ఖర్చు తక్కువేం కాదు. జర్మన్ ఆల్పైన్ క్లబ్‌లో చేరితే మీ ఇద్దరికీ రక్షణ ఖర్చుల బీమా దాంతోనే వస్తుంది. నాన్నగారికి తీసుకునే ట్రావెల్ బీమాలో కొండల్లో రక్షణ ఉందో లేదో కాగితం చదివి చూడండి.

బట్టల విషయంలో ఒకటే మాట, జీన్సు, కాటన్ టీషర్టు వద్దు. చెమటకి తడిసిన నూలు బట్ట గాలికి ఒంటిని మంచులా చల్లబరుస్తుంది. జెర్మాట్‌లో ఎండగా ఉన్నా వెయ్యి మీటర్లకి ఆరు డిగ్రీలకి పైగా తగ్గుతుంది, అంటే ఊళ్ళో 20 ఉంటే పైన 8, గాలి ఉంటే ఇంకా తక్కువనిపిస్తుంది. ఆగస్టులోనూ చేతి తొడుగులు, టోపీ, గాలి చొరబడని జాకెట్టు పెట్టుకోవాలి. సన్‌స్క్రీన్ మనకెందుకు, మనది చామనఛాయ అనుకోవద్దు. ఎత్తుకి పోయేకొద్దీ ఎండలో అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, వెయ్యి మీటర్లకి సుమారు పది శాతం. పెదాలకీ రాయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

బూట్లు ఇప్పుడే బీరువాలోంచి తియ్యండి. ఇది బతిమాలి చెప్తున్నాను. నా మంచి బూట్లు ఒక జత ఏడేళ్ళు అట్టపెట్టెలో పడున్నాయి, పైన తోలు మెరుస్తూనే ఉంది. వేసుకుని రెండు గంటలు నడిచేసరికి కుడి కాలి అడుగు భాగం మడమ దగ్గర నోరు తెరిచింది. వేలు పెట్టి చూస్తే లోపలి నురుగు మైసూర్‌పాక్ పొడిలా రాలింది. కట్టుతాడు అరికాలు కిందనుంచి చుట్టి, కుంటుకుంటూ దిగాను. ఎన్నేళ్ళు వాడకపోయినా ఆ నురుగు గాల్లో తేమకి దానంతటదే చెడుతుందట, చెప్పులు కుట్టే అతను చూపించాడు. పాతవైతే అడుగు భాగాన్ని వంచి నొక్కి చూడండి. కొత్తవి కొంటే ముందు నాలుగు వారాలు వేసుకుని తిరగండి.

తిండికి పులిహోర డబ్బా బాగుంటుందనిపిస్తుంది, కానీ ఆ చలికి అన్నం పలుకులై గొంతు దిగదు, ఆ ఎత్తులో ఆకలీ మందగిస్తుంది. పల్లీపట్టీ, ఖర్జూరం, చపాతీలో చుట్టిన కూర మేలు. గంటకోసారి రెండు ముక్కలు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు కిందనుంచే మోసుకెళ్ళండి, పై దారిలో కొళాయిలుండవు. పులిహోర నాన్నగారితో పంపండి, చెరువు గట్టున ఆయన తింటారు.

కనుమ దాటాక దారి మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. పలకల్లాంటి రాళ్ళు కాలి కింద గలగలమంటాయి. మలుపులు అడ్డంగా కోసుకుని పోవద్దు, రాయి దొర్లితే కింద మలుపులో ఉన్న మనిషి మీద పడుతుంది. దిగేటప్పుడు రెండు చేతికర్రలు పొడుగు పెంచుకుని ముందు వాటిని ఆనించి, మోకాలు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులు వెయ్యండి. మాట్లాడాలనిపిస్తే ఆగి మాట్లాడండి. దిగుడులో చూపు కాలి మీద ఉండాలి. ఆఖరి కేబుల్ కార్ టైము సీజన్‌ని బట్టి మారుతుంది, పొద్దున ఎక్కేటప్పుడే ఆ బోర్డు ఫోటో తీసుకోండి.

ఇంకా వ్యవధి ఉంది కాబట్టి సాధన మొదలుపెట్టండి. మీ ఊరు దానికి పుట్టిందే. లోయలోంచి కొండవాలు మీది ఇళ్ళకి పోయే రాతిమెట్ల దారులు స్టట్‌గార్ట్‌లో నాలుగు వందలకు పైగా ఉన్నాయి, మీ ఊరివాళ్ళు ష్టెఫెలె అంటారు. వారానికి మూడుసార్లు అరగంట ఎక్కి దిగండి, దిగడం కూడా సాధనే, లిఫ్టులో రాకండి. నాలుగు వారాల తర్వాత వీపున ఐదు కిలోల సంచి వేసుకోండి. బయల్దేరే ముందు నెలలో ఒక ఆదివారం బ్లాక్ ఫారెస్ట్‌లోనో ష్వేబిష్ ఆల్బ్‌లోనో ఐదారు గంటల నడక మీరిద్దరూ కలిసి చెయ్యండి. మీరు ముందు, మీ వారు వెనక. ఆ రోజు ఆయనకి విసుగొస్తే అక్కడే తెలిసిపోతుంది, మాట్లాడుకోవచ్చు. చేరుకోలేక రొప్పితే మీకూ తెలుస్తుంది, అప్పుడు ఓబర్‌రోట్‌హార్న్ మానేసి, బ్లౌహెర్డ్ నుంచే మొదలయ్యే ఐదు చెరువుల నడక పెట్టుకోండి. అదీ ఒక నిండు రోజే, నాన్నగారు కూడా కొంత దూరం రాగలరు.

తిరిగొచ్చాక ఉత్తరం రాయండి. పైకి చేరారా లేదా అన్నదానికంటే, ఎన్నింటికి ఎక్కడ వెనక్కి తిరిగారో, దారిలో మీరు ఎన్నిసార్లు కూర్చున్నారో రాస్తే నాకు ఎక్కువ సంతోషం.